కరువు సీమ విలాపము: ‘పెన్నేటి పాట’ – ఒక వేదాంత పరిశీలన

అనంతపురం ప్రాంతపు సంఘస్తులకు యిర్మీయా 14వ అధ్యాయాన్ని ఎవరూ వివరించనక్కరలేదు. నీళ్లులేని గోతులు, ఖాళీ కుండలు, నెఱ్ఱెలు విచ్చిన నేల వారెరిగినవే. ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే పడే ఈ సీమకు తనదైన విలాప గ్రంథము ఒకటి ఉన్నది. అది విద్వాన్ విశ్వం రచించగా 1956లో పుస్తకంగా వెలువడిన ‘పెన్నేటి పాట’.

విశ్వం గారు 1915లో అనంతపురం జిల్లా తరిమెలలో జన్మించారు. సంస్కృత పండితుడు, కమ్యూనిస్టు, పత్రికా సంపాదకుడు. తరిమెల నాగిరెడ్డితో కలిసి నవ్య సాహిత్యమాల నడిపారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో జైలు అనుభవించారు. ఆయన కావ్యానికి నాయకుడు రాజు కాడు; బాగా బ్రతికిన ఇంట పుట్టి కూలివాడైన రంగన్న, అతని భార్య గంగమ్మ.

కావ్యములోని గొప్ప గుణము దాని నిజాయితీ. కరువును బాధితుని పాపఫలముగా చూపి అతని నోరు మూయించదు. యోబు స్నేహితులు చేసిన తప్పు ఈ కవి చేయలేదు. మన కరువు ప్రసంగాలలో అనేకం చేస్తున్నవి.

అయితే ఈ కరువు కేవలం ఆకాశం నుండి దిగినది కాదు. 1800లో నిజాము ఈ మండలాలను కంపెనీకి దత్తము చేశాడు. కలెక్టరు థామస్ మన్రో రైతువారీ పద్ధతిలో పొలం పొలానికీ నగదు శిస్తు నిర్ణయించాడు. ఆ భారం ఎంతటిదంటే, 1807లో మన్రోయే దానిని నాలుగవ వంతు తగ్గించమని సిఫారసు చేశాడు. వాన తప్పినా శిస్తు తప్పదు. శిస్తుకు అప్పు, అప్పుకు పొలం. 1876–78 నాటి మహా కరువు ఇట్టి బలహీనులైన రైతుల మీద పడినది. నెహెమ్యా 5వ అధ్యాయములో ప్రజల మొర కూడా ఇదే: కరువు, రాజు పన్ను, తాకట్టు పడిన పొలాలు.

ఇక్కడే కావ్యానికి ఒక పరిమితి ఉన్నది. గత వైభవాన్ని తలచుకొని నేటి దైన్యానికి కన్నీరు పెట్టుట దాని బాణీ. రంగన్నకు పోగొట్టుకొనుటకు ఒక గతమున్నది. ఏనాడూ సెంటు భూమి లేని మాల మాదిగలకు ఆ వైభవంలో ఏ వాటా ఉన్నది? మన సంఘాలలో అధికులు వారే గనుక ఈ ప్రశ్నను మనము విడువరాదు.

కాబట్టి కాపరులు ‘పెన్నేటి పాట’ను యిర్మీయా 14తో కలిపి చదివి, అక్కడే ఆగక నెహెమ్యా 5కు వెళ్లవలెను. నెహెమ్యా మొర విని కోపించి, లెక్కలు తీసి, పొలాలు తిరిగి ఇప్పించెను. వాన కొరకు ఉపవాస ప్రార్థన పెట్టు సంఘము, తన సభ్యుల అప్పు పత్రాలను కూడా విప్పి చూడవలసియున్నది.