రెండు దేశాల గాలి, ఒకే కన్నం

చెక్క నేల కింద గాలి ఆడాలన్నది పాత నియమం. లండన్ పాత ఇళ్లనూ, అమెరికాలోని నార్త్ కరోలినా ఇళ్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఈ నియమమే ఒకచోట ఇంటిని కాపాడింది, రెండోచోట తడిపింది.

లండన్‌లో విక్టోరియా కాలంనాటి వరస ఇళ్లలో కింది గది నేల మట్టికి ఆనదు. సందులు వదిలి కట్టిన పొట్టి గోడల మీద దూలాలు, వాటిపైన పలకలు. ముందు గోడలోనూ వెనక గోడలోనూ ఇటుకంత జాలీలుంటాయి; ఎయిర్ బ్రిక్స్ అంటారు. చలికాలంలో బయట 5 డిగ్రీలున్నప్పుడు గాలిలో తేమ 90 శాతం ఉండనీయండి. నేల కిందికి వచ్చి 10 డిగ్రీలకు వేడెక్కేసరికి అది సుమారు 65 శాతానికి దిగుతుంది. అంటే మట్టి చెమ్మను పీల్చుకుని వెనక జాలీలోంచి బయటికి మోసుకుపోయే శక్తి దానికి ఇంకా ఉంది. వందేళ్లు దాటిన దూలాలు ఈ రోజుకీ గట్టిగా ఉన్నాయంటే కారణం ఇదే.

చెడగొట్టింది తర్వాతివాళ్లు. ఒక్క జాలీ దగ్గర వంగి చూడండి: పోత ఇనుము మీద పెయింటు పొరలు పేరుకుని కన్నాలు సగం పూడిపోయుంటాయి, కింది వరస కొత్తగా పరిచిన రాళ్ల మట్టానికి దిగిపోయుంటుంది. ఇంటి వెనక వంటగది పెంచి కాంక్రీటు నేల పోశారంటే గాలి వెళ్లే దారే మూసుకుపోయినట్టు. ఆ కాంక్రీటు కింద పైపులు వేసి బయటి గోడదాకా దారి ఇవ్వాల్సింది, చాలాచోట్ల ఇవ్వలేదు. గాలి తిరగని మూలలో, గోడలోకి దిగిన దూలం చివర చెక్కలో తేమ 20 శాతం దాటి అలాగే నిలిచిపోతే కుళ్లు మొదలవుతుంది. చలిగాలి వస్తోందని జాలీలకు గుడ్డలు కుక్కేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

నార్త్ కరోలినాలో నేల కింది ఖాళీని క్రాల్ స్పేస్ అంటారు. అక్కడి నిబంధన ప్రతి 150 చదరపు అడుగుల నేలకు ఒక చదరపు అడుగు కన్నం అడిగేది. కానీ అక్కడి వేసవి గాలి వేరు. 30 డిగ్రీల వేడిలో తేమ 70 శాతం ఉంటే, 24 డిగ్రీలకంటే చల్లగా ఉన్న దేన్ని తాకినా ఆ గాలి నీరు వదులుతుంది. నేల కింద ఏసీ గొట్టాలు అంతకంటే చాలా చల్లగా ఉంటాయి. కన్నాలు పెంచినకొద్దీ తడి పెరిగింది. ప్రిన్స్‌విల్‌లో అడ్వాన్స్‌డ్ ఎనర్జీ సంస్థ 12 ఇళ్లలో పరీక్షిస్తే, కన్నాలు మూసి మట్టిని ప్లాస్టిక్ షీటుతో కప్పిన ఇళ్ల కిందే వేసవిలో పొడిగా ఉంది. కరెంటు ఖర్చూ తగ్గింది.

అమెరికన్ పద్ధతే గెలిచిందని మాత్రం నేననను. మూయడమంటే కన్నాలకు మూతలు బిగించడం కాదు. షీటు అతుకులు అంటించాలి, దాన్ని గోడల మీదికి ఎక్కించాలి, వాననీరు పునాది దగ్గర నిలవనీయకూడదు, లోపలి తేమను డీహ్యూమిడిఫైయరో, ఏసీ గాలో లాగేయాలి. సగం మూసి వదిలేస్తే కన్నాలున్న ఇంటికంటే హీనం. లండన్ పాత ఇంట్లో ఆ యంత్రాలు ఉండవు. మట్టికి షీటు ఉండదు, గోడ అడుగున చెమ్మను ఆపే పొర కూడా కొన్ని ఇళ్లలో ఉండదు. అక్కడ మూస్తే దూలాలు పోతాయి.

ఈ రెండు దేశాల్లోనూ మన తెలుగువాళ్లు ఇళ్లు కొంటున్నారు. లండన్ ఇంట్లో చలి బాధ ఉంటే దూలాల మధ్య వల కట్టి, దానిపైన ఉన్ని పరచండి, కింద జాలీలు తెరిచే ఉంచండి. దూలాల అడుగున ఫోమ్ చల్లుతామని వచ్చేవాళ్లను మాత్రం ఒప్పుకోకండి. ఆ పొర వెనక చెక్క కుళ్లుతున్నా కంటికి కనిపించదు.