మేఘాల పాఠంలో జారిపోయిన మెట్లు

నీరు ఎండకు ఆవిరి అవుతుంది. ఆవిరి పైకి పోయి చల్లబడి మేఘమవుతుంది. మేఘాన్ని కొండలు అడ్డగించగా వాన కురుస్తుంది. ఉన్నత పాఠశాలలలో మేఘాలను గురించి చెప్పే పాఠం సారాంశం సాధారణంగా ఇంతే. జ్ఞాపకం పెట్టుకోవడానికి ఇది సులువు. మొదటి ముక్కలో దోషమూ లేదు. కాని ఈ పాఠం ఒప్పజెప్పి మార్కులు తెచ్చుకొన్న చిత్తూరు సీమ విద్యార్థి ఆషాఢంలో ఆకాశం వంక చూస్తే ఏమవుతుంది? పడమటి నుంచి మబ్బులు వస్తూనే ఉంటాయి. అడ్డగించడానికి కొండలకూ కొదవ లేదు. అయినా అనేక సంవత్సరాలు వేరుసెనగ చేను ఎండిపోతూనే ఉంటుంది. తన ఊరి ఆకాశాన్ని వివరించలేని పాఠాన్ని విద్యార్థి పరీక్షకు మాత్రమే పనికివచ్చేదిగా ఎంచితే తప్పు అతనిది కాదు.

'పైకి పోయి చల్లబడి' అన్న మాట మొదట చూడవలసి ఉన్నది. పైన చలిగా ఉంటుంది గనుక గాలి చల్లబడుతుందని పలువురి ఊహ. నిజానికి పైకి లేచే గాలి మీద పీడనం తగ్గుతుంది, గాలి వ్యాకోచిస్తుంది, అందుకు కావలసిన శక్తిని తనలోని వేడి నుంచే ఖర్చు పెడుతుంది. అందువల్ల, మేఘం కట్టేదాకా, ప్రతి 100 మీటర్లకు సుమారు 1 డిగ్రీ చొప్పున చల్లబడుతుంది. సైకిలు ట్యూబులోని గాలిని ఒక్కసారిగా వదిలితే వేలికి తగిలే చల్లదనం ఈ జాతిదే.

దీనికి తిరుపతిని మించిన ప్రయోగశాల లేదు. కార్తీకమాసంలో ఒక ఉదయం తిరుపతిలో ఉష్ణోగ్రత 26 డిగ్రీలు, ఆవిరి నీరుగా మారనారంభించే తుషారస్థానం 22 డిగ్రీలు అనుకొందాం. గాలి కొండ వాలు వెంబడి లేస్తుంటే ఉష్ణోగ్రత 100 మీటర్లకు 1 డిగ్రీ తగ్గుతుంది, తుషారస్థానం 0.2 డిగ్రీ మాత్రమే తగ్గుతుంది. మధ్యనున్న 4 డిగ్రీల ఎడం 500 మీటర్ల ఎత్తున పూడిపోతుంది. తిరుమల తిరుపతికంటె దాదాపు 700 మీటర్లు ఎత్తు. అంటే ఆనాడు తిరుమల మేఘం లోపలనే ఉన్నది. క్రింద నుంచి చూచేవారు కొండకు మబ్బు పట్టిందంటారు. ఘాట్ రోడ్డున పైకి వెళ్ళేవారు పొగమంచు కమ్మిందంటారు. రెండూ ఒకటే.

ఈ లెక్క చేసిన విద్యార్థికి 'అడ్డగించడం' అన్న మాటలోని లోపం దానంతటదే తెలుస్తుంది. కొండ మేఘాన్ని ఆపదు, గాలిని ఎత్తుతుంది. ఎక్కిన గాలి అవతల దిగితే మళ్ళీ నొక్కబడి వేడెక్కుతుంది, మబ్బు కరుగుతుంది. నైరుతి గాలి పడమటి కనుమలు ఎక్కుతూ తన నీటిలో చాలా భాగం అక్కడే విడిచి, దిగి రాయలసీమకు వస్తుంది. ఈశాన్య ఋతువులో గాలి బంగాళాఖాతం నుంచి వస్తుంది. అల్పపీడనం తోడైతే ఎడతెగక పైకి లేస్తుంది. 2021 నవంబరులో తిరుపతి వీధులు ముంచెత్తినది ఇట్టి వానే.

పాఠం బొత్తిగా విడిచిపెట్టినది ధూళి సంగతి. చల్లబడినంత మాత్రాన ఆవిరి బిందువు కట్టదు. పూర్తిగా శుభ్రమైన గాలిలో సాపేక్ష ఆర్ద్రత కొన్ని వందల శాతానికి చేరితే గాని బిందువులు పుట్టవు. నిజమైన మేఘాలలో అది 100కు పైన 1 శాతం దాటడమే అరుదు. ఉప్పు, పొగ, ధూళి కణాలు కేంద్రకాలుగా ఉండడమే దీనికి కారణం. పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగంలో స్కాట్లాండులో జాన్ ఐట్కెన్ దీన్ని చూపాడు. 1894లో బెన్ నెవిస్ శిఖరం మీద మంచును, అందులోని వెలుగు వలయాలను చూచి ముగ్ధుడై, వాటిని గాజుపాత్రలో సృష్టించబోయిన సి. టి. ఆర్. విల్సన్ చివరకు మేఘమందిరాన్ని నిర్మించి 1927లో నోబెల్ బహుమానం పొందాడు. తరగతిలో ఒక ప్లాస్టిక్ సీసా, కాస్త గోరువెచ్చని నీరు, అగరువత్తి చాలు. సీసా మూసి, గట్టిగా నొక్కి వదిలితే కనబడీ కనబడని తెర. అగరువత్తి పొగ కొంచెం పట్టి అదే పని చేస్తే తెల్లని మేఘం.

మాటల విషయంలోనూ జాగ్రత్త చాలదు. 'ఆవిరి ఘనీభవించి మేఘమైంది' అని పత్రికలలో తరచు కనబడుతుంది. ఘనీభవించడమంటే గట్టిపడడం గదా! తిరుమలను కమ్మే మబ్బులో ఉన్నది నీటి బిందువులే, మంచుపలుకులు కావు. పుస్తకాలలోని 'సాంద్రీకరణం' తప్పు కాకపోయినా, సాంద్రతను అప్పుడే నేర్చుకొన్న పిల్లవాణ్ణి తికమక పెడుతుంది. 'ఆవిరి నీరు కావడం' అంటే పోయేదేమీ లేదు.

ఇక ఆషాఢపు మబ్బు. మేఘబిందువు వ్యాసార్థం మిల్లీమీటరులో నూరవ వంతు; అది సెకనుకు ఒక సెంటీమీటరు చొప్పున మాత్రమే దిగుతుంది. 1 మిల్లీమీటరు వ్యాసార్థం గల వాన చినుకు కావాలంటే ఇట్టివి పది లక్షలు కలియవలె. ఆవిరి వచ్చి చేరడం ఒక్కదానితో ఇది గంట, రెండు గంటలలో అయ్యే పని కాదు. బిందువులు ఒకదానినొకటి ఢీకొని కలియవలె, లేదా పైన మంచుపలుకులు పుట్టి పెరగవలె. రెంటికీ మేఘానికి మందం, ఆయుర్దాయం కావాలి. పలుచని మబ్బుకు అవి లేవు. అది వస్తుంది, పోతుంది. 2000 దశకంలో రాయలసీమ కరవు మండలాల మీద విమానాలతో జరిపిన 'మేఘమథనం' గురించిన అపోహకు మూలమిక్కడే. చిలికితే వెన్న వచ్చినట్లు ఏ మబ్బునైనా చిలికితే వాన వస్తుందని ఆ పేరే నమ్మించింది. చల్లేది కేంద్రకాలనే, తగిన మేఘం ముందుగా ఉండనిదే అవి చేయగలిగింది లేదు.

తిరుపతి, చిత్తూరుల నడుమ గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధనశాల ఉన్నది. అక్కడ చినుకుల పరిమాణాన్ని కొలిచినవారు ఒక వింత గమనించారు: ఒకే తీవ్రత గల వానలోనైనా నైరుతి కాలపు చినుకులు ఈశాన్య కాలపు వాటికంటె సగటున పెద్దవి. ఆ ప్రాంతపు బడిపిల్లలు రెండు కాలాలలోనూ జల్లెడ పట్టిన పిండి మీద చినుకులు పట్టి, కట్టిన ఉండలను కొలిచి చూడవచ్చును.