మూడు దెబ్బల మీద నడిచే మిక్స్

కామారెడ్డి జిల్లాలో కొత్త డాన్స్ సంగీతం పండుగల వెంట వస్తుంది. వినాయక చవితికి కొద్ది రోజుల ముందు, ఆషాఢ శ్రావణాల బోనాలకు, బతుకమ్మకు, పెళ్లి ముహూర్తాలు మొదలయ్యే వేళకు మిక్సులు గుంపుగా యూట్యూబ్‌లోకి ఎక్కుతాయి. అక్కడి నుంచి పెన్‌డ్రైవ్‌లలోకి, పెన్‌డ్రైవ్‌ల నుంచి డీసీఎం వ్యాన్ల మీద కట్టిన స్పీకర్ బాక్సుల్లోకి చేరతాయి. కామారెడ్డి నుంచి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి దాకా ఉన్న ఊళ్లలో ఎలక్ట్రానిక్ సంగీతానికి క్లబ్బు లేదు, టికెట్టు లేదు. రోడ్డే వేదిక. బరాత్ (పెళ్లి ఊరేగింపు) నడిచినంత దూరం పాట నడుస్తుంది.

ఒక తరం కిందటి దాకా ఆ పని బ్యాండ్ మేళానిది, దానికంటే ముందు నుంచీ డప్పుది. తర్వాత ఆక్టోప్యాడ్ వచ్చి ప్యాడ్ బ్యాండ్ పుట్టింది: ఒక్క మనిషి రెండు పుల్లలతో డప్పు, డోలు, తాషా అన్నీ వాయించేశాడు. ఆ తర్వాతి మెట్టు ల్యాప్‌టాప్. ఎఫ్ఎల్ స్టూడియో లాంటి సాఫ్ట్‌వేర్ నేర్చుకున్న కుర్రాడు పాటను విడగొట్టి, గొంతును పక్కకు తీసి, కింద కొత్త దరువు పరుస్తాడు. వాటికి పేర్లు కూడా అక్కడివే: తీన్మార్ మిక్స్, చాటల్ బ్యాండ్ మిక్స్, ప్యాడ్ బ్యాండ్ మిక్స్, రోడ్‌షో మిక్స్. పేరులోనే పాత వాయిద్యం మిగిలి ఉండడం గమనించదగ్గది. వాయిద్యం వీధిలోంచి పోయాక కూడా దాని నడకను యంత్రం మోస్తోంది.

ప్రపంచంలో ఈ పద్ధతికి దగ్గరి చుట్టం జమైకాలో ఉంది. కింగ్‌స్టన్ వీధుల్లో పెద్ద పెద్ద బాక్సులు పేర్చి పాటలు వేసే సౌండ్ సిస్టమ్‌లను చూస్తూ పెరిగిన కూల్ హెర్క్, న్యూయార్క్ బ్రాంక్స్‌లో 1973 ఆగస్టు 11న ఒక అపార్ట్‌మెంట్ హాల్లో పాటలు వేసిన పార్టీని హిప్‌హాప్ పుట్టినరోజుగా లెక్కపెడతారు. పాటలో జనం ఎగిరే ముక్క ఏదో కనిపెట్టి, ఆ ముక్కనే రెండు రికార్డుల మీద మార్చి మార్చి వేయడం ఆయన కనిపెట్టిన పని. బరాత్‌లో ఆపరేటర్ చేసేదీ అదే. గుంపు ఎక్కడ చేతులు లేపిందో చూసి ఆ ముక్కకే మళ్లీ మళ్లీ వెనక్కి వస్తాడు. గోవా, ఇబిజా క్లబ్బుల కంటే కింగ్‌స్టనే ఎల్లారెడ్డికి దగ్గర.

మిక్సు మంచిదా కాదా తేల్చేది దరువు. షికాగోలో 1980లలో తయారైన హౌస్ సంగీతం నాలుగు సమానమైన దెబ్బల మీద నడుస్తుంది. నిమిషానికి నూట ఇరవై, నూట ఇరవై ఎనిమిది మధ్య, దమ్ దమ్ దమ్ దమ్ అని తేడా లేకుండా. ప్రపంచంలో అమ్ముడయ్యే సాఫ్ట్‌వేర్లన్నీ తెరవగానే ఆ నాలుగు గళ్లనే చూపిస్తాయి. తెలంగాణ జానపదం ఎక్కువగా తిస్రగతిది. డప్పు మీద తీన్మార్ మూడేసి దెబ్బలుగా ఊగుతుంది, కాలు దాని మీద వంకరగా, కొంచెం వెనక్కి వాలి పడుతుంది. కీరవాణి ‘నాటు నాటు’ను కట్టింది కూడా ఆరు బై ఎనిమిది తాళంలోనే. 2023 మార్చిలో ఆస్కార్ వేదికకెక్కిన ఆ పాటను తీసుకెళ్లి నాలుగు దెబ్బల మీద పెడితే అందులో నాటుదనమే పోతుంది.

కాబట్టి మిక్సు చేసేవాడి ముందున్న చిక్కు ఒక్కటే: మూడును నాలుగులో ఎలా ఇమడ్చాలి? సోమరి పద్ధతిలో పాటను సాగదీసి, గొంతును నాలుగు గళ్లలోకి కుక్కుతారు. మాటలు విరుగుతాయి, దీర్ఘాలు హ్రస్వాలవుతాయి, పాడినావిడ ఎవరో మరొకావిడలా వినిపిస్తుంది. ఇలాంటి మిక్సులే ఎక్కువ. తెలిసినవాళ్లు కిక్‌ను, అంటే బేస్ డ్రమ్ దెబ్బను, పెద్ద దెబ్బల మీద మాత్రమే ఉంచి, వాటి మధ్య మూడేసి డప్పు దెబ్బలను అలాగే వదిలేస్తారు. ఇంకా తెలివైనవాళ్లు మొదట నాలుగు దెబ్బల మీద ఊపు పెంచుతూ పోయి, డ్రాప్ దగ్గర, అంటే పెంచిన ఊపును విడిచే చోట, ఒక్కసారిగా తీన్మార్‌లోకి దిగుతారు. అప్పటిదాకా చేతులు ఊపుతున్న గుంపు ఆ క్షణాన కాళ్లకు పని చెబుతుంది. ఈ మలుపు సరిగ్గా కుదిరిన మిక్సు ఏడాదికి ఒకటో రెండో వస్తే గొప్ప. డ్రాప్ ముందు సినిమా డైలాగులు, పోలీసు సైరన్లు, డీజే పేరును ప్రతి పది సెకన్లకూ అరిచే గొంతు: ఇవన్నీ కప్పిపుచ్చే సామాన్లే. పేరు ఎంత ఎక్కువగా వినిపిస్తే దరువు అంత బలహీనంగా ఉందని అనుమానించవచ్చు.

వినదగ్గ పాటల్లోకి వస్తే, మిక్సు అవసరమే లేకుండా పుట్టుకతోనే డీజే కోసం తయారైనవి కొన్ని ఉన్నాయి. 2025లో ఊళ్లను ఊపేసిన ‘రాను బొంబాయికి రాను’ అలాంటిది. రాము రాథోడ్ రాసి పాడిన ఆ పాటకు కల్యాణ్ కీస్ సంగీతం. సినిమా అండ లేదు, హీరో లేడు. ఒక ఆడగొంతు మొండికేయడం, ఒక మగగొంతు బతిమాలడం, మధ్యలో ఖాళీ. ఆ ఖాళీలోనే దాని బలం ఉంది. దరువు ఆగి మాట ఒంటరిగా నిలబడ్డ చోట గుంపు తానే జవాబిస్తుంది. 2021లో వచ్చిన ‘బుల్లెట్టు బండి’ (మోహన భోగరాజు గొంతు, ఎస్కే బాజీ సంగీతం) పెళ్లికూతుళ్ల డాన్సు వీడియోలతో ఊరూరా తిరిగింది. పాటగా అది ‘రాను బొంబాయికి రాను’ కంటే సాదా. కానీ పెళ్లి బరాత్‌లో ఆడపిల్లే ముందుకొచ్చి ఆడే అలవాటును మామూలు చేయడంలో దాని వాటా చిన్నది కాదు.

సినిమా నుంచి ఎంచాల్సి వస్తే రెండు. రామ్ మిర్యాల కట్టి పాడిన ‘డీజే టిల్లు’ (2022) టైటిల్ పాటలో కాసర్ల శ్యామ్ మాటలు గల్లీ పిలగాడి వాలకాన్ని అచ్చు దింపుతాయి. రెండోది ‘దసరా’ (2023) సినిమాలోని ‘ధూమ్ ధామ్ దోస్తాన్’. సంతోష్ నారాయణన్ అందులో రాహుల్ సిప్లిగంజ్ పక్కన పాలమూరు జంగిరెడ్డినీ, గొట్టె కనకవ్వ లాంటి పెద్ద వయసు జానపద గాయనులనూ నిలబెట్టాడు. ఆ గొంతుల గరుకును స్టూడియో నునుపు చేయలేదు. ఆ నిగ్రహం డీజే మిక్సులు చేసేవాళ్లు నేర్చుకోవాల్సింది. వాళ్లకు దొరికిన జానపద గొంతును ఆటోట్యూన్‌తో కడిగేస్తే మిగిలేది ఏ ఊరిదో తెలియని శబ్దం.

జిల్లా అంచులకు వెళ్లేకొద్దీ డీజే జాబితా మారుతుంది. మద్నూర్, జుక్కల్, బిచ్కుంద వైపు మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దు కాబట్టి మరాఠీ ఊరేగింపు పాటలు చొరబడతాయి. గాంధారి, లింగంపేట చుట్టూ ఉన్న తండాల్లో లంబాడీ పాటల మిక్సులకు వాటి సొంత శ్రోతలున్నారు. తీజ్ రోజుల్లో గోధుమ మొలకల బుట్టల చుట్టూ పాడే పాటలకు కూడా ఇప్పుడు కిక్ తగులుతోంది. ఈ లంబాడీ మిక్సులను తెలుగు డీజే సంగీతానికి తోకగా చూడడం పొరపాటు. అక్కడ చప్పట్ల లయ వేరు, పాట ఎత్తుకునే తీరు వేరు. మంచి మిక్సు ఆ తేడాను దాచదు.

ఇక హిప్‌హాప్. దరువు విషయంలో ఇంత చురుకుగా ఉన్న ప్రాంతం ర్యాప్ విషయంలో ఇంకా హైదరాబాద్ వైపే చూస్తోంది. రోల్ రైడా, నోయెల్ లాంటివాళ్లు తెలుగు ర్యాప్‌ను టీవీ దాకా తెచ్చారు. రుహాన్ అర్షద్ ‘మియా భాయ్’ హైదరాబాదీ దక్కనీలో యూట్యూబ్‌ను ఊపేసింది. ఉర్దూ వినపడే కామారెడ్డి గల్లీల్లో అది పరాయి పాటలా అనిపించదు.

తెలుగు ర్యాప్‌కు భాషలోనే ఒక ఉచ్చు ఉంది. క్రియ వాక్యం చివర వస్తుంది, ఒకే కాలం, ఒకే పురుష అయితే క్రియలన్నీ ఒకే తీరుగా ముగుస్తాయి. వచ్చిండు, తెచ్చిండు, ఇచ్చిండు అని ఎంతసేపైనా అంత్యప్రాస కట్టవచ్చు. పైసా ఖర్చు లేని ప్రాస అది, వినే చెవికీ అంతే విలువ. తెలుగు ర్యాప్‌లో సగం ఈ ఉచ్చులోనే పడి ఉంది. పద్యం దీన్నెప్పుడో గుర్తించి, పాదంలో రెండో అక్షరానికి ప్రాస పెట్టింది. చివరి క్రియను వదిలి, పాదం మొదట్లోనో నడుమనో ప్రాస దాచగల ర్యాపర్ దొరికితే వదలకుండా వినాలి.

అదే భాష ఒక వరం కూడా ఇచ్చింది. ‘వెళ్తున్నాడు’ నాలుగు అక్షరాలు, ‘పోతుండు’ మూడే. కామారెడ్డి యాసలో మాట పొట్టిది, విరుపు గట్టిది, దక్కనీ పదం తెలుగు విభక్తిని తగిలించుకుని ఇట్టే కలిసిపోతుంది. ర్యాప్‌కు కావలసిన సరుకు ఇంతకంటే ఏముంటుంది? పైగా మాటకూ పాటకూ మధ్య నడిచే కళ ఈ నేల మీద పాతది. ఒగ్గు కథకుడు డోలు మీద గబగబా కథ చెబుతుంటే వంతలు మధ్యలో అందుకుంటారు. 2023 ఆగస్టు 6న మరణించిన గద్దర్ పాట నడుమ ఆగి మాట్లాడి, సరిగ్గా దరువు మీదకే మళ్లీ వచ్చేవాడు. ఆ రాకలో గురి తప్పకపోవడమే ర్యాపర్లు ఫ్లో అని పిలుచుకునేది. ఇది ఎల్లారెడ్డి కుర్రాడికి పరాయి విద్య కాదు.

దేశంలో ఏం జరుగుతోందో చూస్తే ఇక్కడి ర్యాప్ లోటు ఇంకా స్పష్టంగా కనబడుతుంది. 2024లో అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100 లోకి ఎక్కిన ‘బిగ్ డాగ్స్’ పాడింది మలయాళీ హనుమాన్‌కైండ్. దాని సంగీతం మాత్రం హైదరాబాద్‌లో పనిచేసే కల్మీది. వాళ్లే 2025లో ‘రన్ ఇట్ అప్’లో కేరళ చెండను ముందుకు తెచ్చారు. తమిళంలో అరివు, ధీ ‘ఎంజాయ్ ఎంజామి’ (2021)లో చావు దగ్గరి ఒప్పారి గొంతును ర్యాప్ పక్కన నిలబెట్టారు. అమెరికాలో పెరిగిన తెలుగమ్మాయి రాజకుమారి (అసలు పేరు శ్వేత యల్లాప్రగడ రావు) కూచిపూడి నేర్చుకున్న నాలుక మీద జతులను (నాట్యంలోని తాళపు పలుకులను) ర్యాప్‌గా మార్చింది. డివైన్‌తో ఆమె చేసిన ‘సిటీ స్లమ్స్’ (2017) ఇప్పటికీ వినదగ్గదే. చెండకు, ఒప్పారికి, జతికి దక్కిన ఆ చోటు డప్పుకు ఇంకా దక్కలేదు. దక్కడానికి కావలసిన సరంజామా అంతా డీసీఎంల మీద ఎక్కి ఉండగానే.

బయటి ప్రపంచం నుంచి తీన్మార్‌కు అలవాటుపడ్డ చెవికి నచ్చేవి వెతకాలంటే ఐరోపా కంటే ఆఫ్రికా మేలు. దక్షిణాఫ్రికా డర్బన్ బస్తీల్లో పుట్టిన గోమ్ సంగీతం నాలుగు సమాన దెబ్బలను కావాలనే విరగ్గొడుతుంది. దక్షిణాఫ్రికాదే 3-స్టెప్ అనే కొత్త పద్ధతి కూడా. థాక్‌జిన్ పేరుతో ప్రచారమైన ఆ శైలిలో నాలుగు కిక్‌లలో ఒకటి తీసేసి మూడే ఉంచుతారు. తీన్మార్ మూడుకూ దానికీ లెక్క వేరైనా, లేని దెబ్బ కోసం కాలు వెతుక్కునే తీరు ఒక్కటే. మిక్సులు చేసే కుర్రాళ్లకు అరిగిపోయిన ఈడీఎం డ్రాప్‌ల కంటే అక్కడ దొరికేది ఎక్కువ.

వినే సాధనం కూడా తీర్పును మారుస్తుంది. ఫోన్ స్పీకర్ అడుగు స్వరాలను దాదాపు పలకనే పలకదు కాబట్టి ఫోన్లో విన్న మిక్సులో సగమే వినబడుతుంది. హెడ్‌ఫోన్‌లో డప్పు వివరాలు తెలుస్తాయి. పద్దెనిమిది అంగుళాల బేస్ బాక్సుల ముందు వివరాలు పోయి ఛాతీలో దెబ్బ ఒక్కటే మిగులుతుంది. ఆ బాక్సులకు వెల చెవులు కడతాయి. 85 డెసిబెళ్ల మోతను ఎనిమిది గంటలు భరించవచ్చని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క. ప్రతి మూడు డెసిబెళ్లకూ ఆ సమయం సగమవుతుంది, అంటే 100 దగ్గర పదిహేను నిమిషాలే. మన దేశంలో 2000 నాటి శబ్ద నియమాలు నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లకు హద్దు పెట్టి, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బహిరంగంగా మైకులు వద్దన్నాయి. ఏడాదిలో పదిహేను రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే వీలు రాష్ట్రానికి ఉంది. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు.

హక్కుల సంగతి ఇంకా తిక్కగా ఉంది. కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ మతపరమైన వేడుకల్లో, పెళ్లి ఊరేగింపుల్లో పాట వేయడాన్ని ఉల్లంఘనగా చూడదు. కాబట్టి బరాత్‌లో పాట వేసినవాడికి చిక్కు లేదు. అదే పాటను విడగొట్టి మిక్సు చేసి యూట్యూబ్‌లో పెట్టిన కుర్రాడికి ఆ మినహాయింపు వర్తించదు. హక్కుదారు అభ్యంతరం చెబితే మిక్సు ఎగిరిపోతుంది, లేదా ప్రకటనల డబ్బు హక్కుదారుకు పోతుంది. జానపదంలో హక్కుదారు ఎవరో తేలడమే కష్టం. మిక్సు శీర్షికలో డీజే పేరు, ఊరి పేరు, ‘ఫుల్ బేస్’ అన్న హామీ ఉంటాయి. పాడినవాళ్ల పేరు, డప్పు కొట్టినవాళ్ల పేరు చాలా మిక్సుల వివరణలో కూడా కనబడవు. కొత్త విడుదలల్లో దేన్ని ముందు వినాలో ఎంచుకోవడానికి దరువు తర్వాత చూడదగ్గ గుర్తు అదే: కింద వాళ్ల పేర్లు రాసి ఉన్న మిక్సు.