చెప్పేవాళ్లు ఉండగానే

విశాఖ వెళ్లినవాళ్లు ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్‌ని చూడకుండా రారు. చాలామందికి ఆ చూడటమంటే ఒక కొసన ఎక్కి రెండో కొసన దిగడం, మధ్యలో నాలుగు ఫొటోలు తీసుకోవడం. పావుగంటలో పని అయిపోతుంది. స్మారకాలు చూడటం కూడా ఒక విద్యేనని నా నమ్మకం. అందులో నాకు పట్టుబడిన పాఠం ఒక్కటే. రాయికన్నా ముందు మనిషిని వెతకాలి. అక్కడ తలుచుకుంటున్న బతుకును స్వయంగా బతికినవాళ్లు ఇంకా ఎవరైనా దొరుకుతారేమో చూసుకోవాలి.

కురుసురలో దొరుకుతారు. అక్కడ గైడ్లుగా ఉన్నవాళ్లు నౌకాదళం నుంచి రిటైరైన సబ్‌మెరైన్ నావికులు. సోవియట్ యూనియన్‌లో తయారైన ఈ జలాంతర్గామి 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధకాలంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. 2001 ఫిబ్రవరిలో విధుల నుంచి తప్పుకుంది. ఒడ్డుకు చేరి, ఆ మరుసటి ఏడాది ఆగస్టులో మ్యూజియమైంది. ఈ వివరాలన్నీ బోర్డు మీద చదువుకోవచ్చు. గైడ్‌ను అడగాల్సింది వేరే. ఎక్కడ పడుకునేవారండీ, స్నానం సంగతేమిటండీ, వంటవాడు ఇంతమందికి ఆ కాస్త చోటులో ఎలా వండేవాడండీ అని అడగాలి. అడిగితే చాలు, అప్పటిదాకా అప్పజెప్పినట్టు సాగుతున్న మాట ఆగి, మనిషి మాట్లాడటం మొదలుపెడతాడు.

తొంభై ఒక్క మీటర్ల పొడవున్న ఆ ఉక్కు గొట్టంలో డెబ్బై మందికి పైగా ఉండేవారు. అందరికీ సరిపడా పడకలు ఉండవు. ఒకరు డ్యూటీకి లేస్తే, ఆ వెచ్చదనం ఆరకముందే ఇంకొకరు వచ్చి అదే పడక మీద వాలాలి. ఇరవై రెండు టార్పెడోలు మోసే పడవ అది. ముందు గదిలో కొందరు వాటి పక్కనే నిద్రపోయేవారు. మంచినీళ్లు తాగడానికీ వంటకే తప్ప ఒళ్లు కడుక్కోవడానికి ఉండేవి కావు. బట్టల్లో, జుట్టులో, తినే తిండిలో డీజిల్ వాసనే. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లాలంటే గుండ్రటి కంతలోంచి ఒంగి దూరాలి. నీళ్లు లోపలికి వస్తే ఆ తలుపు బిగించేయాలి. అవతల ఎవరున్నా సరే. ఈ చివరి మాట చెప్పేటప్పుడు గైడ్ ఆ తలుపు పిడి మీద చెయ్యి వేసి చెప్పాడు. అది ఏ బోర్డు మీదా దొరకదు.

ఈ రకం సబ్‌మెరైన్లలో మన దగ్గర మిగిలిన ఆఖరిదైన వాగ్లీ 2010 డిసెంబరులో రిటైరైంది. ఆ తర్వాత చేరిన నావికుడెవరికీ ఈ గదుల్లో బతికిన అనుభవం ఉండదు. అంటే కురుసురను తమ ఇల్లులా చూపించగలిగేవాళ్ల సంఖ్య ఏటేటా తగ్గిపోవడమే గానీ పెరిగేది లేదు. రేపు వచ్చే గైడ్లూ చక్కగానే వివరిస్తారు. కానీ వాళ్లు చదివింది చెబుతారు, పడింది కాదు. అందుకే ఇప్పుడున్నవాళ్ల మాటలను వాళ్ల గొంతుతోనే రికార్డు చేసి దాచాలని నా కోరిక. పడవ ఉక్కుకు రంగు వేయించడం ఎంత అవసరమో ఇదీ అంతే అవసరం.

చెప్పేవాడు లేకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఎంతో దూరం పోనక్కర్లేదు. అదే బీచ్ రోడ్డు మీద, నడిచి వెళ్లేంత దూరంలో విక్టరీ ఎట్ సీ స్మారకం ఉంది. 1971 విజయానికి గుర్తుగా 1996లో కట్టారు. నేవీ డే నాడు, డిసెంబరు 4న, అక్కడ పుష్పగుచ్ఛాలు ఉంచుతారు. ఆ యుద్ధంలో మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చిన పాకిస్థాన్ సబ్‌మెరైన్ ఘాజీ, డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ రేవు బయట మునిగిపోయింది. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల వల్లనని మన నౌకాదళం చెబుతుంది. లోపలి పేలుడో, తాను పరిచిన మందుపాతరో కారణమని పాకిస్థాన్ చెబుతుంది. అందులో ఉన్న తొంభై మందికి పైగా నావికుల్లో ఒక్కరూ బతకలేదు. అందుకే రెండు కథనాలు అర్ధ శతాబ్దం దాటినా అలాగే ఉన్నాయి. విక్టరీ ఎట్ సీ ముందు నిలబడి మనవాళ్లకు దండం పెట్టాక, కాసేపు సముద్రం వైపు తిరిగి ఆ తొంభై మందినీ తలుచుకుంటాను. వాళ్లూ ఇలాంటి పడకల మీదే వంతులవారీగా పడుకున్నవాళ్లు. శత్రువులే, కాదనను. అయినా ఇళ్లలో తల్లులున్నవాళ్లు.

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం సంగతి ఇందుకు భిన్నం. మిలిటరీ మాధవరమని జిల్లా అంతా పిలిచే ఆ ఊళ్లో, మొదటి ప్రపంచయుద్ధం నాటి నుంచీ తరతరాలుగా సైన్యంలో చేరుతున్న ఇళ్లున్నాయి. అమరులకు స్మారకం ఊళ్లోనే ఉంది. సైన్యం కథలు అక్కడ ఇళ్లలో అరుగుల మీదే దొరుకుతాయి. అక్కడికి వెళ్లే స్కూలు పిల్లలను స్మారకం దగ్గర ఫొటో తీయించి వెనక్కి తీసుకురావద్దని టీచర్లకు నా మనవి. ఏ రిటైరైన హవల్దారు ఇంటి ముందైనా ఒక గంట కూర్చోబెట్టండి.

విశాఖలో నేను ఇంకా వినాల్సినవాళ్లు ఉన్నారు. ఘాజీ మునిగిన మర్నాడు నీళ్ల మీద తేలిన వస్తువులను మొదట చూసి ఒడ్డుకు తెచ్చింది నౌకాదళం కాదు, వేటకు వెళ్లిన మత్స్యకారులు. అప్పటికి ఇరవై ఏళ్లున్న కుర్రాడికి ఇప్పుడు డెబ్బై దాటి ఉంటాయి. బీచ్ రోడ్డు మీద అన్ని విగ్రహాలున్నాయి గానీ, ఆ ఉదయం తెప్ప మీద ఉన్నవాళ్ల మాట చెప్పే ఫలకం నా కంట పడలేదు. ఈసారి వెళ్లినప్పుడు మత్స్యకారుల వాడ పెదజాలరిపేటలో దిగి, పెద్దవాళ్లెవరున్నారని అడగాలనుకుంటున్నాను. విశాఖలో ఉన్న పాఠకులెవరైనా నాకన్నా ముందే వెళ్లి అడిగితే ఇంకా సంతోషం.