పిలుపు కోసం కాదు, సువార్త కోసం

గలతీయులకు పౌలు వ్రాసిన పత్రికలోని తొలి రెండు అధ్యాయాలకు, ఆస్ట్రేలియాలో స్థిరపడిన ఒక తెలుగు గ్రంథకర్త దీర్ఘకాలం శ్రమించి సంతరించిన ఈ వ్యాఖ్యానాన్ని పాఠకుల సన్నిధిలో నిలుపుతున్నందుకు సంతోషిస్తున్నాను.

తక్కిన పత్రికల్లో సాధారణంగా కృతజ్ఞతాస్తుతితో ఉపక్రమించే అపొస్తలుడు ఇక్కడ ఆ మర్యాదను సైతం విడిచి, నేరుగా వాదంలోకి దిగుతాడు. తన సువార్త మనుష్యుల వలన వచ్చినది కాదని చెప్పి, అందుకు తన జీవితాన్నే ప్రమాణంగా చూపుతాడు: సంఘాన్ని హింసించిన తాను పిలుపు పొందిన వెంటనే యెరూషలేమును ఆశ్రయింపక అరేబియాకు వెళ్ళి దమస్కుకు తిరిగివచ్చిన వైనమూ, 3 సంవత్సరాల తర్వాత కేఫా వద్ద 15 దినాలు మాత్రమే ఉన్న సంగతీ, 14 ఏళ్ళకు బర్నబాతోనూ తీతుతోనూ మరల వెళ్ళినప్పుడు గ్రీసు దేశస్థుడైన తీతును ఎవరూ సున్నతికి బలవంతపెట్టని విషయమూ, స్తంభాలుగా ఎంచబడిన పెద్దలు తనకు కుడిచేయి అందించిన ఘట్టమూ వరుసగా నివేదిస్తాడు.

దీనిని ఆత్మస్తుతిగా భావించేవారు తొలి అధ్యాయాన్ని సగమే చదివినవారు. వేరొక సువార్తను ప్రకటించేవాడు తానైనా, పరలోకదూతయైనా శాపగ్రస్తుడేనని పలికినవాడు తన అధికారాన్ని తన సందేశానికి లోబరచినవాడే గాని, సందేశాన్ని తన ప్రతిష్ఠకు పీఠం చేసుకొన్నవాడు కాడు. పిలుపును సమర్థించుకోవడం సువార్తను రక్షించడానికే. గ్రంథకర్త ఈ సూక్ష్మాన్ని ఆద్యంతం జారనీయలేదు.

ఆయన నడిచిన త్రోవ ఆస్ట్రేలియా విద్వత్పరంపరలోనిదే. 1914లో న్యూసౌత్‌వేల్స్‌లోని లిత్‌గోలో జన్మించిన లియాన్ మారిస్, దక్షిణ ఆస్ట్రేలియాలోని మిన్నిపా వంటి జనవిరళమైన ప్రాంతంలో సేవ చేస్తూనే స్వయంకృషితో వేదాంతవిద్యను అభ్యసించి, 1964 నుండి 1979 వరకు మెల్‌బోర్న్ రిడ్లీ కళాశాలకు ప్రధానాచార్యులై, ఎనభై దాటిన వయస్సులో, 1996లో, గలతీ పత్రికకు తన వ్యాఖ్యానాన్ని వెలువరించారు. ఆయన రచనల్లోని నిరాడంబరతా, మూలనిష్ఠా ఈ గ్రంథంలోనూ ప్రతిఫలించాయి. అంతమాత్రాన ఇది అనుకరణ కాదు.

కాదనడానికి అంతియొకయ ఘట్టంపై వ్రాసిన ప్రకరణమే సాక్ష్యం. యాకోబు వద్దనుండి కొందరు రాగానే అన్యజనులతో కూర్చున్న పంక్తినుండి కేఫా లేచిపోగా, బర్నబా సైతం ఆ వేషధారణలో కొట్టుకుపోగా, పౌలు అందరి ఎదుటా ఆయనను నిలదీశాడు. పంక్తిభేదమంటే ఏమిటో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. క్రీస్తు బల్ల యెదుట కులాన్ని తలచుకొన్న సంఘాలు మన నేలమీద లేకపోలేదు. ఆ గాయాన్ని కప్పిపుచ్చకుండా, ఎవరినీ కించపరచకుండా, సువార్త సత్యం భోజనపంక్తిలో పరీక్షకు నిలుస్తుందని గ్రంథకర్త నిరూపించిన తీరు ప్రశంసనీయం. కాలక్రమ చర్చ మాత్రం కొంత విస్తరించింది. సామాన్యపాఠకుడు ఆ పుటలను తర్వాత చదువుకొన్నా లోటులేదు.

పాఠకులకు నా విన్నపం ఒక్కటే: మూలపత్రికను ప్రక్కన తెరచి ఉంచుకొని ఈ గ్రంథాన్ని చదవండి, వ్యాఖ్యానం ఎక్కడైనా మూలాన్ని దాటినట్లు తోస్తే మూలాన్నే నమ్మండి. గ్రంథకర్త కోరేదీ అదే.