చీకటిలో పగడపు వన్నె

కడప నుండి రేణిగుంటకు పోవు రైలుమార్గమున ఓబులవారిపల్లె చెంతనున్న మంగంపేట, ముగ్గురాయికి లోకప్రసిద్ధి గన్న గ్రామము. బేరియము సల్ఫేటు అయిన ఆ బూడిదవన్నె రాయి ఒక్కచోటనే ఇంత రాశిగా మఱెచ్చటను దొరకదని భూగర్భశాస్త్రవేత్తలు చెప్పుదురు. చమురుబావులు త్రవ్వువారు దానిని పిండిచేసి, బురదలో కలిపి, బావిలోనికి పంపుదురు; నీటికంటె నాలుగురెట్లకు మించిన బరువు గలదగుటచేత అది భూగర్భమునుండి ఎగదన్నుకొని వచ్చు వాయువును అణచిపట్టును. ఇవి పత్రికలలో తఱచు వచ్చు సంగతులే. చర్మవైద్యుడనై, ఆ గనులలోను, పిండి ఆడించు మిల్లులలోను పనిచేయువారిని చాలకాలముగా చూచుచున్న నాకు ఆ రాతితో వేరొక సంబంధము కలదు. ఉడ్స్ దీపమని మేము పిలుచు పరికరపు నల్లగాజు, సంప్రదాయరీతిని చేసినదైనచో, నికెలు ఆక్సైడు నూటికి తొమ్మిది పాళ్లు కలిపిన బేరియము సిలికేటు గాజు; ఆ బేరియమునకు లోకమున ప్రధానాధారము ముగ్గురాయియే.

ఆ గాజును 1903లో రూపొందించినవాడు అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రాచార్యుడగు రాబర్ట్ విలియమ్స్ ఉడ్. కంటికి కనిపించు వెలుతురునెల్ల ఆపివేసి, 365 నానోమీటర్ల చుట్టుపట్లనుండు అతినీలలోహిత కిరణములను మాత్రము అది పోనిచ్చును. వైద్యముతో దానికి అప్పుడు పనియేమియు లేదు. 1925లో మార్గరో, దెవేజ్ అను ఇద్దరు ఫ్రెంచి వైద్యులు తలవెండ్రుకలకు పట్టిన శిలీంధ్రమును దానితో చూచిన పిదపనే అది చర్మవైద్యుల చేతికి వచ్చినది. ముగ్గురాతికిని వెలుగునకును గల చుట్టరికము ఇంతకంటె పాతది. 1602 ప్రాంతమున ఇటలీలోని బొలోన్యా పట్టణమున చెప్పులు కుట్టి జీవించు విన్సెంజో కాషియరోలో అను నాతడు ఈ జాతి రాతినే బొగ్గుతో కలిపి కాల్చగా, అది చీకటిలో దానంతటదియే ఎఱ్ఱగా వెలిగినదట. మంగంపేట మిల్లుల ముందు తెల్లని ధూళి కమ్మిన మనుష్యులను చూచునప్పుడెల్ల నాకు ఆ బొలోన్యావాసి జ్ఞప్తికి వచ్చును.

ఆ మనుష్యులు నాయొద్దకు కొనివచ్చు బాధలలో గజ్జలలోని మచ్చ ఒకటి. అది ప్రాణము తీయునది కాదు. అట్లని పదిమందిలో చెప్పుకొనదగినదియు కాదు. అందుచేతనే అది ఏండ్ల తరబడి దాగియుండి, సందు చివరనున్న మందులదుకాణమునకు ఎన్నోమారులు తిరిగిన పిమ్మట గాని వైద్యుని కడకు రాదు. లారీలకు బస్తాలెత్తు నడివయస్సు మనిషి ఒకడు సంకోచముతో తలుపువైపు చూచుచు చెప్పిన మాటలు వినుడు: "తామర సార్. ఆ రాయి పిండి వల్లనే వచ్చిండాది. మెడికల్ షాపులో ట్యూబు ఇచ్చిరి, పూసినన్ని దినాలు తగ్గుతాది, ఆపితే మళ్లా వస్తాది." ఈ మూడు వాక్యములలో రోగచరిత్ర సగము కలదు. అయితే మొదటి రెండు వాక్యములలోని నిర్ణయములు రెండును సరియైనవి కావు.

పిండిని నిందించుట సహజమే. దినమెల్ల దానిలో మునిగినవాడు వేఱుదానిని ఎట్లు నిందించును? ఊపిరితో లోనికి పోవు ధూళి సంగతి వేఱు, దానిని ఉపేక్షింపరాదు. ఈ మచ్చకు మాత్రము అది హేతువు కాదు. బేరియము సల్ఫేటు నీటిలో కరుగదు, చర్మమున ఇంకదు; కడుపునకు ఎక్స్‌రే తీయునప్పుడు రోగిచేత త్రాగించు తెల్లని ద్రవమును అదియే. నిజమైన హేతువు మనయందఱి చర్మముమీదను నిరపాయముగా కాపురముండు ఒక సూక్ష్మజీవి: కొరైనిబాక్టీరియమ్ మినుటిస్సిమమ్. చెమట ఆఱని చోట, చర్మము చర్మమును ఒరసికొను మడతలలో, అనగా గజ్జలలో, చంకలలో, స్త్రీలకు స్తనముల క్రింద, బూట్లు తొడుగువారికి కాలి చిటికెనవ్రేలి సందున, అది అదను చూచుకొని పైపొరలో విస్తరించును. రాయలసీమ పొడినేల గదా, తేమను కోరు జబ్బు ఇచ్చట ఏల యని చదువరులు అడుగవచ్చును. ఆకాశమున తేమ లేకపోయినను, నడివేసవి యెండలో ముతకబట్ట బిగించి బరువులు మోయువాని గజ్జలలో శ్రావణమాసమే యుండును. స్థూలకాయము, వయస్సు, మధుమేహము దీనికి తోడుపడును.

ఇక గుర్తించు విద్య. తామరకు అంచు ప్రాణము; అది పొలుసులతో ఉబ్బి, ఎఱ్ఱనై, వెలుపలికి ప్రాకుచుండగా నడిమిభాగము తేటపడును, దురద నిద్రపోనీయదు. కాండిడా అను శిలీంధ్రము పట్టినచో మడత రక్తవర్ణమై చెమ్మగిల్లి, ప్రధానమైన మచ్చకు దూరముగా చిన్నచిన్న పొక్కులు చెదరియుండును. మడతలలో వచ్చు సోరియాసిస్ నునుపై మెఱయును. ఎరిత్రాస్మా యను మన మచ్చకో, ఇంతటి ఆర్భాటము లేదు: హద్దు స్పష్టముగా నుండును గాని అంచుకును నడిమికిని భేదముండదు, అంతయు ఒకే వన్నె, మడచి విప్పిన పలుచని కాగితమువలె సన్నని ముడుతలు, నూగువంటి పొట్టు, దురద కొంచెమే, ఒక్కొక్కప్పుడు అదియు లేదు. పాశ్చాత్యగ్రంథములు దీనిని గులాబియనియు ఎఱుపనియు వర్ణించినవి గాని, మనవారి మేనిఛాయమీద అది ఇటుకవన్నెగానో, పాతబడినకొలది వట్టి గోధుమవర్ణముగానో తోచును. పుస్తకములోని ఎఱుపునకై వెదకువాడు మన రోగి యెడల దీనిని పోల్చుకొనలేడు. వ్రేళ్లసందున నయితే తెల్లగా నాని పగిలియుండుటయే కనిపించును, ఇతరములనుండి వేఱుపఱచుట కంటికి ఇంచుమించు అసాధ్యము.

కావుననే దీపము వలసివచ్చును. తలుపులు మూసి, తెరలు దించి, కన్ను చీకటికి అలవాటుపడువఱకు ఆగి, దీపమును జానెడు లోపున పట్టినచో, గోధుమవర్ణపు మచ్చ పగడపు టెఱుపున ప్రకాశించును. ఆ సూక్ష్మజీవులు తయారుచేయు కొప్రోపార్ఫిరిన్ అను పదార్థము అదృశ్యకిరణమును గ్రహించి ఎఱ్ఱని వెలుగుగా మరల విడుచుచున్నది. గజ్జలలోని తామర ఇట్లు వెలుగదు. ఇంత నిశ్చయముగా, నొప్పి లేకుండ, సూది లేకుండ, నిమిషములలో సమాధానమిచ్చు పరీక్షలు మా శాస్త్రమున మిక్కిలి యరుదు.

అయితే ఆ పదార్థము నీటిలో కరుగును. ఇదియే ఈ విద్యలోని సున్నితమైన చోటు. దీపము వెలిగించుటకు ముందు నే నడుగు ప్రశ్న ఒకటే: "పొద్దున నీళ్లు పోసుకుంటివా అన్నా?" వచ్చు సమాధానమును ఒకటే: "పోసుకోకుండా డాక్టరు కాడికి యెట్ల వస్తా సార్?" పదిమంది ముందునకు వచ్చునప్పుడు శుచిగా రావలెనను మర్యాద, శ్రమజీవులయందు మఱింత పట్టుదలగా నుండు మర్యాద, సాక్ష్యమును కడిగివేయుచున్నది. పైన పౌడరో లేపనమో పూసికొని వచ్చిరా, అదియు వేఱురంగులు పుట్టించి కన్నును భ్రమపెట్టును. బట్టనుండి రాలిన నూలుపోగు సయితము నీలితెలుపుగా మెఱయును. వెలుగు కనిపించనంత మాత్రమున జబ్బు లేదని తేల్చుట తగదు. మడత కడుగకుండ మఱునాడు రమ్మని, అందులో సిగ్గుపడవలసినది లేదని నచ్చజెప్పి పంపవలెను. ఒకపూట కూలి పోగొట్టుకొని మరల రమ్మనుట తేలికమాట కాదని నే నెఱుగుదును. అందుచేత వచ్చునప్పుడు ఏమి చేయరాదో మొదటనే తెలియజేయు ఏర్పాటు ప్రతి వైద్యశాలయందును ఉండవలెనని నా కోరిక. పగడపు వన్నె కనబడిన తరువాత కూడ, కొంచెము పొట్టు గీకి పొటాసియము హైడ్రాక్సైడు బొట్టులో వేసి సూక్ష్మదర్శినిలో చూచుట నేను మానను. ఎరిత్రాస్మాయు తామరయు ఒకే మడతలో కలిసియుండుట కద్దు.

పెద్దలును దీనిచేత మోసపోయిరి. 1859లో బుర్ఖార్డ్ దీనిని వర్ణించెను. 1862లో బెర్లిన్ వైద్యుడు బేరెన్‌స్ప్రుంగ్ దీనికి నామకరణము చేసి, శిలీంధ్రమే కారణమనెను. 1961లో సార్కానీ, టాప్లిన్, బ్లాంక్ అను మువ్వురు ఇది బాక్టీరియా పని యని నిరూపించువఱకు, దాదాపు నూఱేండ్లు, లోకమంతయు దీనిని తామర చుట్టముగానే చూచినది. మందులదుకాణపు కుఱ్ఱవాడు నేడు పొరబడుటలో వింతలేదు. కాని అతడిచ్చు ట్యూబును నేను క్షమింపజాలను. దానిలో శిలీంధ్రనాశని యొకటి, బాక్టీరియానాశని యొకటి, వానితో కలిపి తీవ్రమైన స్టీరాయిడు ఒకటి యుండును. స్టీరాయిడు ఎఱుపును దురదను అణచి రోగికి నమ్మిక పుట్టించును. నెలలు గడచినకొలది మడతలోని చర్మము పలుచబడి, ఎన్నటికిని మానని చారలు పడును. చర్మముపై పూయు స్టీరాయిడులను వైద్యుని చీటి లేనిదే అమ్మరాదని కేంద్రప్రభుత్వము 2018లో ఉత్తరువు చేసినది. ఆ ఉత్తరువు దుకాణపు బల్లవఱకు ఇంకను రాలేదు.

చికిత్స సులభము. మచ్చ చిన్నదైనచో క్లిండమైసినో, ఫ్యూసిడిక్ ఆమ్లపు లేపనమో రెండువారములు. విస్తరించినదైనచో ఎరిత్రోమైసిన్ రెండువారములు, లేదా క్లారిత్రోమైసిన్ ఒక్క మోతాదు. పలుచోట్ల కనబడినవారికి, మరల మరల వచ్చువారికి, రక్తములో చక్కెర తప్పక చూతును. మధుమేహము తనకున్నదని ఈ మచ్చవలననే తెలిసికొన్నవారు కలరు. పంపివేయుటకు ముందు మఱియొక మాట స్పష్టముగా చెప్పవలసియున్నది: సూక్ష్మజీవులు నశించి దీపము క్రింద పగడపు వన్నె మాయమైన తరువాతను, గోధుమవర్ణపు మరక కొన్ని నెలలు నిలిచియుండును. ఈ సంగతి ముందుగా చెప్పనిచో, జబ్బు పోలేదనుకొని రోగి తిరిగి ఆ దుకాణమునకే పోవును.