పరిశోధకుని కృతి – పరుల బేరము

మన తెలుగు పుస్తకములలో ముఖపత్రమునకు వెనుక పుటయందు ‘సర్వస్వామ్య సంకలితము’ అను మాట చిరకాలమునుండి అచ్చుపడుచు వచ్చినది. దానిని చదువువారు తక్కువ. చదివి దాని యర్థమును విచారించువారు మరింత తక్కువ. నవలాకారుడును, నాటకకర్తయు తమ కృతులను ప్రకాశకుని చేతిలో పెట్టునప్పుడు ఆ మాట విలువను కొంత గుర్తెరిగి యుందురు. కాని యేండ్ల తరబడి గ్రంథాలయములలో ధూళి మ్రింగి, తాళపత్రములనో శాసనములనో పల్లెపాటలనో వెదకి వెదకి, విశ్వవిద్యాలయమునకు సిద్ధాంతవ్యాసమును సమర్పించు విద్యార్థికి మాత్రము తానును ఒక గ్రంథకర్త ననియు, తన కృతికి తానే స్వామి ననియు తోచుట అరుదు. అతనికి అది పట్టమునకు మెట్టు మాత్రమే. మెట్టు ఎక్కినవాడు వెనుదిరిగి చూడడు. ఈ యేమరుపాటు కొందరు వర్తకులకు పెట్టుబడి యైనది. ఆ వర్తకమునందలి మంచి చెడ్డలను విమర్శించుట యీ వ్యాసమునకు ప్రయోజనము.

మొదట మంచినే చెప్పవలెను. అమెరికా దేశమున మిచిగన్ రాష్ట్రములోని ఆన్ ఆర్బరు పట్టణమునందు యూజీన్ పవరు అను నతడు 1938లో ‘యూనివర్సిటీ మైక్రోఫిల్ము’ సంస్థను స్థాపించెను. అంతకు పూర్వము సిద్ధాంతవ్యాసమును అచ్చొత్తించుటకు విద్యార్థికి చాల ద్రవ్యము కావలసియుండెడిది. అచ్చొత్తింపనిచో ఆ వ్రాతప్రతి యొక గ్రంథాలయపు బీరువాలో ఎవ్వరికిని కానరాక యుండెడిది. వందల పుటలను చిన్న ఫిలిము చుట్టలోనికి దించి, కోరినవారికి కోరినపుడు ఒక్క ప్రతియైనను తీసి యిచ్చు ఉపాయమును పవరు కనిపెట్టి నడపెను. ఏ వ్యాసము ఎక్కడ నున్నదో తెలుపుటకు సంగ్రహముల సంపుటమును గూడ ఆ సంవత్సరమునుండియే ప్రకటింప నారంభించెను. ఇది విద్యాలోకమునకు మహోపకారము. దీనిని కాదనువాడు కృతఘ్నుడు.

కాని సంస్థలు చేతులు మారును. 1962లో ఆ సంస్థను జిరాక్సు కంపెనీ కొన్నది. 1985లో బెల్ అండ్ హవెల్ వారి వశమైనది. 2001లో ‘ప్రొక్వెస్టు’ అను పేరు వచ్చినది. 2021లో క్లారివేటు అను మరియొక పెద్ద సంస్థ దానిని కొన్నది. ఇన్ని చేతులు మారినను విద్యార్థి చేసిన సంతకము మాత్రము మారలేదు. ఏ సంస్థను నమ్మి అతడు తన వ్యాసమునిచ్చెనో ఆ సంస్థ యొకటి; నేడు దానిని అమ్ముచున్న సంస్థ వేరొకటి. ఒప్పందము మీద గడువు లేనిచో, స్థలము పరిమితి లేనిచో, ఇట్లే జరుగును.

2000వ సంవత్సరమున నొక సంగతి జరిగినది. స్టీవెన్ బ్రిల్ అను పత్రికాధిపతి ‘కంటెంట్‌విల్’ అను పేర అంతర్జాలమునందు ఒక అంగడి తెరచి, పుస్తకములతోను పత్రికలతోను పాటు సిద్ధాంతవ్యాసములను గూడ అమ్మకమునకు పెట్టెను. ఆ వ్యాసములు పైని చెప్పిన సంస్థనుండియే వచ్చినవి. తమ పేరును తమ వ్యాసమును వెలతోకూడ అచ్చట చూచుకొన్న రచయితలు నివ్వెరపోయిరి. తాము సంతకము చేసినది గ్రంథాలయములకును తోడి పండితులకును అందుటకని వారనుకొనిరి. అంగడిలో సరకుగా నిలుచుటకని అనుకొనలేదు. ఆ యంగడి 2001లో మూతపడినది. పిమ్మట అమెజాను వంటి అంగళ్ల ద్వారా కూడ ఆ సంస్థ వ్యాసములు అమ్ముడయినవి. 2014లో అట్టి పరుల యంగళ్ల యమ్మకమును సంస్థయే విరమించుకొన్నది. తప్పు చట్టవిరుద్ధమని యెవ్వరును రుజువు చేయలేదు. ఒప్పందము అనుమతించినదే జరిగినది. నా యాక్షేపణ యిచ్చటనే యున్నది. చట్టమునకు లోబడిన దంతయు న్యాయము కాదు. పట్టము చేతికి రావలసిన దినములలో, అధ్యాపకులు గడువు తరుముచుండగా, పది కాగితముల నడుమ నొక కాగితముగా పెట్టి తీసికొన్న సంతకము స్వేచ్ఛగా చేసినదని యెట్లనగలము?

ఇంతకంటె హీనమగు వర్తకము మరియొకటి కలదు. జర్మనీ దేశమున 2002లో వి.డి.ఎమ్. అను ప్రచురణసంస్థ పుట్టినది. దాని శాఖయే లాంబర్టు అకడమిక్ పబ్లిషింగు. పట్టము పొందిన విద్యార్థులకు ఆ సంస్థ తానుగా జాబులు వ్రాయును. ‘మీ వ్యాసమును పుస్తకముగా వేయుదుము, మీరు దమ్మిడీ యియ్యనక్కరలేదు’ అని పిలుచును. వచ్చిన వ్రాతప్రతిని ఏ పండితుడును పరీక్షింపడు. తప్పులను దిద్దువాడు లేడు. అట్ట వేసి, అధికమగు వెల గట్టి, ఎవరైన కోరినపుడే ఒక ప్రతి అచ్చొత్తుట దాని పద్ధతి. మన అధ్యాపకులు సైతము దీని వలలో పడుటకు కారణము లేకపోలేదు. ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్య గల పుస్తకమునకు ఉద్యోగోన్నతిలో మార్కులు వేయు పద్ధతి మన కళాశాలలలోనికి వచ్చినది. గ్రంథము మంచిదా యని కాక, సంఖ్య కలదా యని చూచినంతకాలము ఇట్టి ప్రకాశకులకు పంట పండుచునే యుండును. వారిని నిందించుటకు ముందు ఆ కొలమానమును మనము నిందింపవలెను.

ఈ వర్తకమువలన నష్టపడువారు ముగ్గురు. మొదటివాడు రచయిత. అతనికి ధననష్టము కొంచెమే. కాని తరువాత ఆ విషయముననే చక్కని గ్రంథము వ్రాయదలచినపుడు, ‘ఇదివరకే అచ్చయినది గదా’ యని మంచి ప్రకాశకుడు తలయూపక పోవచ్చును. ఈ భయము వట్టిది కాదనుటకు నిదర్శనముగా అమెరికా చరిత్రకారుల సంఘము 2013లో, కోరిన విద్యార్థుల వ్యాసములను ఆరేండ్లవరకు అంతర్జాలమున బయటపెట్టక నిలుపవచ్చునని విశ్వవిద్యాలయములకు సలహా నిచ్చినది. రెండవవాడు పాఠకుడు. సిద్ధాంతవ్యాసము పరీక్షకుల మెప్పునకై వ్రాసినది. పూర్వపండితుల మతములను వల్లించుట, పట్టికలు, పునరుక్తులు దానికి సహజములు. దానిని పుస్తకమని నమ్మి కొన్న గృహస్థుడు పది పుటలు చదివి మూసివేసి, ‘పరిశోధన యన నిట్టిదే’ యని నిట్టూర్చును. మూడవది భాష. మంచి గ్రంథము కావలసినది పచ్చిగా బజారుకెక్కినచో భాషకు ఆ గ్రంథము దక్కదు.

వ్యాసము గ్రంథమగుటకు కాలము పట్టునని మన చరిత్రయే చెప్పుచున్నది. భద్రిరాజు కృష్ణమూర్తిగారు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున 1957లో డాక్టరేటు పొందిరి. తెలుగు ధాతువులను గూర్చిన వారి గ్రంథమును కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు 1961లో ప్రకటించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున బిరుదురాజు రామరాజుగారు చేసిన పరిశోధన ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ అను పేర 1958లో వెలువడి, ఆ శాస్త్రమునకే మన భాషలో దారి తీసినది. ఇవి రచయిత యిష్టముతో, రచయిత పేరు నిలుచునట్లు అచ్చయిన గ్రంథములు. కావుననే నేటికిని చదువబడుచున్నవి.

ఇచ్చట నొక ప్రతివాదము వినవచ్చును. ‘ప్రజల పన్నులతో నడచు విశ్వవిద్యాలయమున, ప్రజల సొమ్ముతో ఉపకారవేతనము తీసికొని చేసిన పరిశోధన ప్రజలది గాని విద్యార్థిది యెట్లగును?’ అని కొందరందురు. ఇందు సగము నిజమున్నది. జ్ఞానము పదుగురికి అందవలెను. బీరువాలో దాచుటకు నేను వకాల్తా పుచ్చుకొనలేదు. కాని పదుగురికి అందుట వేరు, ఒకడు అమ్ముకొనుట వేరు. ప్రజల సొమ్ముతో త్రవ్విన చెరువు నీరు ప్రజలు త్రాగవచ్చును. ఒక్కడు కుండలకెత్తి వీధిలో అమ్ముటకు ఆ వాదము చెల్లదు. మన దేశమున ఈ భేదమును పాటించిన యేర్పాటు ఒకటి యున్నది. గాంధీనగరమునందలి ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రమువారు నడపు ‘శోధగంగ’యందు లక్షలకొలది సిద్ధాంతవ్యాసములను ఎవ్వరైనను వెల లేక చదువవచ్చును. 2009లో విశ్వవిద్యాలయముల గ్రాంట్ల సంఘము చేసిన నిబంధనలవలన ప్రతి డాక్టరేటు వ్యాసమును అందు చేర్చుట విధియైనది. చదువుటకు తలుపు తెరచియుండుట, బేరమునకు తలుపు మూసియుండుట: ఈ రెండును కలిసి నడువవచ్చునని దీనివలన తేలుచున్నది.

మరి మన చట్టమేమనుచున్నది? 1957 నాటి కాపీరైటు చట్టము 17వ సెక్షను ప్రకారము కృతికి తొలి స్వామి కృతికర్తయే. విద్యార్థి విశ్వవిద్యాలయమునకు జీతగాడు కాడు. కావున కేవలము పట్టమిచ్చినందున స్వామ్యము దానికి సంక్రమింపదు. రిజిస్టరు చేయించుకొననిచో హక్కు పోవునను భ్రమయు వలదు. 19వ సెక్షను మరియు ముఖ్యము. స్వామ్యమును బదలాయించు పత్రము వ్రాతపూర్వకముగా, సంతకముతో నుండవలెను. ఏ హక్కులు, ఎంతకాలము, ఏ దేశమున, ఎంత ప్రతిఫలమునకు అనునవి అందు తెలుపవలెను. కాలము చెప్పనిచో అయిదేండ్లనియు, దేశము చెప్పనిచో భారతదేశము మాత్రమే యనియు చట్టము భావించును. పుచ్చుకొన్నవాడు ఏడాదిలోపల ఆ హక్కును వినియోగింపనిచో, పత్రమున వేరుగా వ్రాసికొననంతవరకు, అది తొలగిపోవును. స్వామ్యమును అమ్ముకొన్నను, కృతి తనదని చెప్పుకొను హక్కు 57వ సెక్షను వలన కర్తకు మిగిలియే యుండును. ఇంత చక్కని చట్టముండియు మన విద్యార్థి తెలియక సంతకము చేయుట చూడగా, దీపమును చేతబట్టుకొని గోతిలో పడినట్లున్నది.

మన పూర్వులు కృతిని కన్యగా భావించి, తగిన వరునికి అంకితమిచ్చుటను కన్యాదానముతో పోల్చిరి. సొమ్ము పుచ్చుకొని బిడ్డ నమ్ముటను మన సంస్కర్తలు ఏవగించుకొని పోరాడిరి. ఈ నూతన వర్తకమున కన్నవానికి సొమ్మును ముట్టదు, వరుని యెన్నికయు నుండదు. పత్రముపై వ్రేలు ముద్రవంటి సంతకము మాత్రము మిగులును.

కావలసిన పనులు పెద్దవి కావు. విశ్వవిద్యాలయములు వ్యాసము పుచ్చుకొనునపుడు విద్యార్థి హక్కులను వానికి తెలిసిన భాషలో ఒక్క పుటలో వ్రాసి యియ్యవలెను. శోధగంగకు ఇచ్చు అనుమతిని, వర్తకునకు ఇచ్చు అనుమతిని ఒకే కాగితమున కలుపరాదు. అధ్యాపకుల నియామకసంఘములు పుస్తకముల సంఖ్యను గాక ఒక్క పుస్తకమునైనను చదివి విలువ కట్టవలెను. అమెరికాలో చదువు మన బిడ్డలు ప్రొక్వెస్టు పత్రమును చదివి, కొంతకాలము నిలుపు హక్కు తమకు అవసరమా యని గురువులతో ఆలోచింపవలెను. ఇంటిలో డాక్టరేటు వచ్చిన దినమున మిఠాయి పంచు తల్లిదండ్రులు, దూరదేశమునుండి ‘మీ పుస్తకము వేయుదుము’ అని వచ్చిన జాబు చూచి పొంగిపోక, ఆ పత్రమున కాలమెంత, దేశమేది, ప్రతిఫలమెంత యని మూడు ప్రశ్నలు వేయుదురుగాక. ఆ మూడింటికిని వ్రాతలో జవాబు రానంతవరకు బిడ్డచేత సంతకము చేయింపకుండుట మేలు.